ఉద్యోగం పోయింది, ప్రార్థన చేస్తున్నాం. ఇంకేం చేయాలి?

ఉద్యోగం పోయిందని సంఘంలో చెప్పగానే సాధారణంగా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు "కంగారు పడకండి బ్రదర్, ప్రార్థన చేయండి, అంతా దేవుడే చూసుకుంటాడు" అంటారు. ఇంకొకరు, ఎక్కువగా మన ఇంట్లోవాళ్లే, "మోకాళ్ల మీద కూర్చుంటే ఉద్యోగం నడుచుకుంటూ వస్తుందా?" అంటారు. మొదటి మాట పట్టుకున్నవాళ్లు ఉపవాసాలు మొదలుపెట్టి రెజ్యూమె ముట్టుకోరు. రెండో మాట పట్టుకున్నవాళ్లు రాత్రింబవళ్లు అప్లికేషన్లు పెడుతూ, అందరికీ సమాధానం చెప్పలేక ఆదివారం ఆరాధనే మానేస్తారు. ఎటు వెళ్లినా రెండు మూడు నెలలకు మనిషి డీలా పడిపోతాడు.

బైబిల్లో ఈ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్నవాళ్లు అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు. యూదులందరూ రోమా విడిచి వెళ్లిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇస్తే, వాళ్లు అక్కడి బతుకంతా వదిలి కొరింథుకు వచ్చారు. వాళ్లది డేరాలు కుట్టే వృత్తి. కొత్త ఊళ్లో అదే పని మొదలుపెట్టారు. పౌలుకూ అదే పని వచ్చు కాబట్టి వాళ్లింట్లోనే ఉండి, వాళ్లతో కలిసి పనిచేశాడు. విశ్రాంతి దినాన సమాజమందిరంలో బోధించాడు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం మొదట్లో నాలుగు వచనాల్లో ఇదంతా అయిపోతుంది. వాళ్లు పనిచేస్తూ ప్రార్థన మానలేదు, ప్రార్థిస్తూ పని మానలేదు. ఉద్యోగం పోయిన ఇంట్లో రోజు ఇలాగే గడవాలని నా అభిప్రాయం. ఎలాగో వరసగా చెప్తాను. లెక్కలు, నిబంధనలు ఇండియాలో పనిచేసేవారికి సంబంధించినవి. బయటి దేశాల్లో ఉన్నవారి కోసం చివర్లో కొంచెం ఉంది.

మొదటి మూడు రోజులు

హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, "మీరే రాజీనామా ఇచ్చేయండి, మీ రికార్డు క్లీన్‌గా ఉంటుంది" అంటే ఆ నిమిషంలో సంతకం పెట్టకండి. "చదువుకుని రేపు చెప్తానండి" అనండి. అలా అనడం గొడవ పెట్టుకోవడం కాదు. ఆ రాత్రే ఒక ఈమెయిల్ రాసి ఈ విషయాలు అడగండి: చివరి పనిదినం ఏది, నోటీసు జీతం ఎంత, మిగిలిన సెలవుల డబ్బు ఎంత, అదనంగా ఏమైనా ఇస్తున్నారా, ఆరోగ్య బీమా ఏ తేదీ దాకా ఉంటుంది, రిలీవింగ్ లెటర్‌లో కారణం ఏమని రాస్తారు. జవాబు కూడా రాతలోనే ఉండాలి.

మీరే రాజీనామా ఇచ్చారని కాగితం మీదికి వస్తే, తొలగించినందుకు రావాల్సిన పరిహారం అడిగే దారి మూసుకుపోవచ్చు. చట్టం దృష్టిలో వర్కర్ కేటగిరీలోకి వచ్చేవారు ఏడాది పూర్తిచేసి ఉంటే, సిబ్బంది తగ్గింపు కింద తీసేసేటప్పుడు నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. మేనేజర్ స్థాయి వాళ్లకు ఇది వర్తించదు, వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిందే ఆధారం. ఆ లెటర్ ఎక్కడుందో వెతకండి.

ఇంట్లో ఆ రోజే చెప్పండి. రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని బయల్దేరి, సాయంత్రం దాకా పార్కులోనో మెట్రో స్టేషన్‌లోనో కూర్చుని వచ్చేవాళ్లు ఉన్నారు. వారం తర్వాత ఎవరి ద్వారానో తెలిస్తే ఉద్యోగం పోయిన బాధ కన్నా దాచిన బాధ పెద్దదవుతుంది. పిల్లలకు కూడా వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పొచ్చు: "నాన్న వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, కొన్నాళ్లు ఖర్చు తగ్గిద్దాం." పిల్లలు మనం అనుకున్నదానికన్నా బాగా అర్థం చేసుకుంటారు.

తర్వాత తినండి, పడుకోండి. ఏలీయా సంగతి గుర్తుందా? యెజెబెలుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద కూర్చుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నవాడికి దేవుడు ముందు బోధ పంపలేదు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి అదే పెట్టాడు. మాటలు ఆ తర్వాత, చాలా దూరం నడిచాక హోరేబు దగ్గర. అందుకని ఆ మొదటి రాత్రే "దేవుడు నాతో ఏం మాట్లాడాలనుకుంటున్నాడు" అని తవ్వుకోకండి. పెద్ద నిర్ణయాలు, ఊరెళ్లిపోవడం, ఇల్లు అమ్మేయడం, సేవకు వెళ్లిపోవడం లాంటివి, ఆ మూడు రోజుల్లో వద్దు.

మొదటి పదిహేను రోజులు: రావాల్సిన డబ్బు రాబట్టుకోండి

ఇందులో ఆధ్యాత్మికత ఏముంది అనిపించొచ్చు. కూలివాడి కూలి మర్నాటిదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. కష్టపడిన డబ్బు అడగడం అత్యాశ కాదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా మీరే మానేసినా, బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కంపెనీల్లో ఇప్పటికీ "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల్లో" అనే అలవాటు ఉంది, కాబట్టి నెమ్మదిగా, మర్యాదగా, రాతపూర్వకంగా గుర్తుచేస్తూ ఉండాలి.

అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. లెక్క తేలిక: చివరి బేసిక్, డీఏ కలిపి, దాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, పనిచేసిన ఏళ్లతో హెచ్చించాలి. బేసిక్ 30,000, సర్వీసు 6 ఏళ్లు అయితే దాదాపు 1,03,846 రూపాయలు. చెల్లించడానికి కంపెనీకి 30 రోజుల గడువు.

పీఎఫ్ దగ్గర తొందరపడకండి. ముందు యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకే నంబరు) పోర్టల్‌లోకి వెళ్లి, పాత కంపెనీ మీ చివరి తేదీ నమోదు చేసిందో లేదో చూడండి. అది లేకపోతే రేపు బదిలీకైనా, డబ్బు తీసుకోడానికైనా అక్కడే ఆగిపోతుంది. ఉద్యోగం పోయినవారు 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం పన్నెండు నెలలు నిరుద్యోగంగా ఉన్న తర్వాత తీసుకునేలా పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. క్లెయిమ్ పెట్టే రోజున పోర్టల్‌లో ఏ నిబంధన నడుస్తోందో చూసుకుని పెట్టండి. అయిదేళ్ల సర్వీసు లేకుండా తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. పీఎఫ్ మొత్తం ఊడ్చి కారు లోన్ కట్టేసినవాళ్లకు తర్వాత పిల్లల ఫీజు రోజున చేతిలో ఏమీ ఉండదు. అవసరమైనంతే తీయండి, పెన్షన్ భాగం జోలికి వెళ్లకుండా ఉంటే ఇంకా మంచిది.

జీతంలో ఈఎస్ఐ కోత ఉండేవారు, అంటే నెలకు 21,000 లోపు జీతగాళ్లు, దగ్గర్లోని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి అడగండి. ఉద్యోగం పోయినవారికి సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజుల దాకా ఇచ్చే పథకం అది. అర్హత షరతులు, పథకం గడువు అక్కడే చెప్తారు. ఇది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

ఆరోగ్య బీమా సంగతి చివరి పనిదినానికి ముందే తేల్చుకోండి. కంపెనీ గ్రూప్ పాలసీని అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుంది. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న అమ్మానాన్నలు ఉంటే దీనికే ముందు ఫోన్ చేయండి.

ఇంటి లెక్క రాయండి, తర్వాత కానుక గురించి ఆలోచించండి

రాజులు రెండో గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఎలీషా దగ్గరికి వస్తుంది. భర్త చనిపోయాడు, అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోడానికి వచ్చాడు. ఎలీషా అడిగిన ప్రశ్న: నీ ఇంట్లో ఏముంది? కుండెడు నూనె ఉందంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. నూనె నిండాక ఏం చేయమన్నాడు? అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం దేవుడిది. ఇంట్లో ఉన్నదేంటో చూసుకోవడం, పాత్రలు అడగడం, నూనె పోయడం, అమ్మడం, బాకీ కట్టడం ఆమె పని.

ఒక నోటుబుక్కు తీసుకుని భార్యాభర్తలిద్దరూ కూర్చోండి. ఎడమవైపు ఉన్నవి: బ్యాంకులో ఎంత, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, రావాల్సిన బాకీలు, చీటీలో ఎంత కట్టారు, బంగారం. కుడివైపు నెలకు తప్పనివి: అద్దె, ఈఎంఐ, ఫీజు, సరుకులు, పాలు, కరెంటు, మందులు, ఊళ్లో అమ్మకు పంపేది. ఎడమ మొత్తాన్ని కుడి మొత్తంతో భాగిస్తే ఎన్ని నెలలు నిలబడగలరో తెలుస్తుంది. నాలుగు నెలలు అని తెలిసినవాడు "ఏమవుతుందో ఏమో" అనుకునేవాడికన్నా బాగా నిద్రపోతాడు. ప్రార్థన కూడా మారుతుంది. "ప్రభువా నన్ను కాపాడు" అనే చోట "ప్రభువా, జూన్ ఫీజుకి దారి చూపించు" అని అడగగలుగుతారు.

ఈఎంఐ బౌన్స్ కాకముందే బ్యాంకుకు వెళ్లండి. బౌన్స్ అయ్యాక వెళ్లేవాడి మాటకు అక్కడ విలువ తగ్గుతుంది. గడువు పెంచి ఈఎంఐ తగ్గించడానికి వీలుందా అని అడగండి. క్రెడిట్ కార్డు మీద మినిమం మాత్రమే కడుతూ పోతే చాలా కార్డుల్లో వడ్డీ ఏడాదికి 40 శాతం దాటుతుంది. లోన్ యాప్‌ల వైపు అసలు చూడకండి. ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీసినవాళ్ల బాధితులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మరీ తప్పకపోతే బ్యాంకులో బంగారం కుదువపెట్టడం వాటన్నిటికన్నా నయం. చీటీ ఉంటే, భయంతో సగానికి పాడేసి ఎత్తకండి.

ఇక కానుక. ఇది చాలామంది అడగడానికి మొహమాటపడే విషయం కాబట్టి సూటిగా చెప్తాను. దశమభాగం వచ్చిన ఆదాయంలో నుంచి ఇచ్చేది. ఆదాయం లేని నెలలో అప్పు చేసి ఇవ్వమని ఎక్కడా లేదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు, మనిషికి ఉన్నదాన్ని బట్టే కానుక అంగీకారమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదు అంటాడు. "ఉద్యోగం కోసం విత్తన కానుక వేయండి, నలభై రోజుల్లో వస్తుంది" అని ఎవరైనా అంటే, అది టీవీలోనైనా మీ వీధి చివర మందిరంలోనైనా, వినకండి. కష్టంలో ఉన్నవాడి చివరి అయిదు వేలు తీసుకునే సేవను నేను సేవ అనలేను. మీకు ఇవ్వాలని మనసుంటే ఆదివారం కుర్చీలు సర్దండి, పిల్లలకు లెక్కలు చెప్పండి.

రోజుకు ఒక టైమ్‌టేబుల్

ఉద్యోగం పోయాక మొదట పాడయ్యేది పొద్దున్నే. తొమ్మిదిన్నరకు లేవడం, ఫోన్ చూస్తూ పదకొండు కావడం, మధ్యాహ్నం భోజనం చేసి పడుకోవడం. సాయంత్రానికి "ఈరోజు ఏం చేశావు" అంటే కోపం రావడం. దీనికి మందు ఒక్కటే: ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఏ టైముకు లేచేవారో అదే టైముకు లేచి, స్నానం చేసి, మంచి బట్టలు వేసుకోండి.

ఇలా నడిస్తే బాగుంటుంది. పొద్దున అరగంట వాక్యం, ప్రార్థన. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఉద్యోగ వేట, దాన్నే ఆ రోజు ఉద్యోగం అనుకోండి. మధ్యాహ్నం రెండు గంటలు నేర్చుకోవడానికి. సాయంత్రం చిన్నదో పెద్దదో డబ్బు వచ్చే పని. రాత్రి కుటుంబ ప్రార్థన, అది పది నిమిషాలైనా చాలు. ఆదివారం రెజ్యూమె ముట్టుకోకండి. ఉద్యోగం లేనివాడికి సెలవెందుకు అనుకుంటారు గానీ, వారానికి ఒక రోజు వెతుకులాట ఆపడం కూడా ఆయన మీద ఆనుకోవడమే.

ఉపవాసం ఉండే అలవాటున్నవారు ఇంటర్వ్యూ రోజున ఉండకుండా ఇంకో రోజు పెట్టుకోండి. నోరు ఎండిపోయి, తల తిరుగుతూ జవాబులు చెప్పడం ఎవరికీ మేలు చేయదు.

ఇప్పుడు వేట సంగతి. నౌకరీ, లింక్డిన్ ప్రొఫైళ్లు వారానికి ఒకసారైనా సరిచేస్తూ ఉండండి. ఈమధ్య కదలిక ఉన్నవాళ్లనే రిక్రూటర్లు ముందు వెతుకుతారు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, తెలంగాణ ప్రభుత్వం నడిపే ఉద్యోగ నమోదు పోర్టల్ డీట్, ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలు, వీటిలో పేరు నమోదు ఉచితం. కానీ పోర్టల్ కన్నా తెలిసిన మనిషి ద్వారా వెళ్లే రెజ్యూమె ముందు తెరుచుకుంటుంది. అందుకే రోజుకు ముగ్గురికి ఫోన్ చేయడమో మెసేజ్ పెట్టడమో లెక్కగా పెట్టుకోండి. పాత టీమ్ లీడు, కాలేజీ స్నేహితుడు, ఇదివరకు మీ దగ్గర పనిచేసి వెళ్లిపోయిన కుర్రాడు, అందరూ.

"బ్రదర్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని పంపితే అవతలివారు "తప్పకుండా బ్రదర్" అని పెట్టి మర్చిపోతారు. వాళ్ల తప్పు కాదు, ఏం చూడాలో మీరు చెప్పలేదు. ఇలా పంపి చూడండి:

"నమస్తే అన్నా. మా కంపెనీలో పోయిన నెల మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. నాకు అకౌంట్స్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది. ఎస్ఏపీ, జీఎస్టీ రిటర్నులు చూసేవాణ్ని. హైదరాబాద్ గానీ విజయవాడ గానీ పర్వాలేదు, వెంటనే చేరగలను. మీ ఫైనాన్స్ టీమ్‌లో ఖాళీ ఉంటే నా రెజ్యూమె ముందుకు పంపగలరా? లేదంటే అక్కడ ఎవరితో మాట్లాడాలో చెప్పినా చాలు."

బైబిల్లో పారసీక రాజు దగ్గర పనిచేసిన నెహెమ్యా చేసింది ఇదే. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. కిస్లేవు నెలలో కబురు వస్తే నీసాను నెలలో గానీ రాజుతో మాట్లాడే అవకాశం రాలేదు, అంటే దాదాపు నాలుగు నెలలు. రాజు "నీకేం కావాలి" అన్నప్పుడు లోపల ఒక్క క్షణం ప్రార్థించి, అడగాల్సింది అడిగాడు: ఎన్నాళ్లు సెలవు, ఏ అధికారులకు ఉత్తరాలు, కలప కోసం అడవి కాపలాదారు ఆసాపుకు ఉత్తరం. ఆ నాలుగు నెలల్లో ప్రార్థనతోపాటు ఏం అడగాలో కూడా ఆయన సిద్ధం చేసుకున్నాడని ఆ జవాబు చూస్తేనే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో "ఎందుకు మానేశారు" అంటే రెండు వాక్యాలు: ప్రాజెక్టు మూసేశారు, మా టీమ్‌లో ఇంతమందిని తీసేశారు. అంతే. పాత మేనేజర్ మీద కోపం అక్కడ చూపించకండి. గ్యాప్ దాచడానికి అనుభవం తేదీలు మార్చకండి, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కొనకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ రికార్డు తీస్తే ఏ నెల ఎక్కడ పనిచేశారో కనిపిస్తుంది. అబద్ధం మీద నిలబెట్టిన ఉద్యోగానికి కృతజ్ఞత కూడిక పెట్టించుకోవడం ఎలాగూ బాగుండదు.

డబ్బు అడిగే ఉద్యోగం ఉద్యోగం కాదు. "సెక్యూరిటీ డిపాజిట్", "లాప్‌టాప్ చార్జీలు", "బ్యాక్‌డోర్ ఎంట్రీ", పేరేదైనా అంతే. చెప్పేవాడు సంఘస్తుడైనా, "ప్రైజ్ ద లార్డ్" అంటూ ఫోన్ చేసినా సరే, అడగాల్సినవి అడగండి. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకన్నా లేదు. డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతిలో విశాఖ ప్రాంతపు యువకులు చిక్కుకున్న సంగతి 2024లో బయటపడింది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దొరికిన పని చేయడానికి నామోషీ వద్దు

సాయంత్రం పని అన్నాను కదా. ట్యూషన్లు, చిన్న షాపులకు జీఎస్టీ ఫైలింగ్, పచ్చళ్లు పొడులు పెట్టి అమ్మడం, కుట్టు, బైక్ ట్యాక్సీ, తెలిసినవాళ్ల టిఫిన్ సెంటర్‌లో క్యాష్ కౌంటర్, అనువాదం, పెళ్లి వీడియోల ఎడిటింగ్. ఏదైనా సరే. నెలకు ఎనిమిది వేలు వచ్చినా ఇంటి లెక్కలో సరుకులు, కరెంటు గడుస్తాయి. పైగా "నేను ఎందుకూ పనికిరాను" అనే మాట మనసులో గట్టిపడదు.

"బీటెక్ చదివి బండి తోలుతున్నాడు" అనేవాళ్లు అంటారు. యేసుప్రభువు ముప్పై ఏళ్లు వచ్చేదాకా బతికింది నజరేతులో, ఊరివాళ్లు ఆయన్ని గుర్తుపట్టింది వడ్లవానిగా. మనవాళ్లకు ఇది క్రిస్మస్ ప్రసంగంలో బాగా నచ్చుతుంది, ఇంట్లో అబ్బాయి డెలివరీ బ్యాగు తగిలించుకుంటే నచ్చదు.

పనిచేయనివాడు తినకూడదని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను ఉద్యోగం పోయినవారి మీద విసిరేవాళ్లున్నారు. అది పని మానేసి ఊరంతా తిరుగుతూ పరుల జోలికి పోయేవాళ్లకు రాసింది. పని వెతుక్కుంటూ దొరకనివాళ్ల కథ వేరే ఉంది, మత్తయి 20వ అధ్యాయంలో. సాయంత్రం అయిదు గంటలప్పుడు కూడా సంతవీధిలో నిలబడి ఉన్నవాళ్లను యజమాని ఎందుకిలా ఖాళీగా ఉన్నారని అడిగితే, "ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదు" అన్నారు. తెల్లారి మన ఊళ్లలో లేబర్ అడ్డా దగ్గర తాపీ, బ్రష్షు పట్టుకుని నిలబడేవాళ్లను చూస్తే ఆ మాట ఎంత బరువైందో తెలుస్తుంది. పది దాటాక కూడా అక్కడే ఉన్నవాడు బద్ధకస్తుడు కాదు. యజమాని వాళ్లను సోమరులని తిట్టలేదు, పనిలోకి పంపాడు, పూర్తి కూలి ఇచ్చాడు.

ఒక జాగ్రత్త. చిన్న పని రోజంతా తినేస్తే ఉద్యోగ వేట ఆగిపోతుంది. పొద్దున మూడున్నర గంటలు మాత్రం వేటకే.

సంఘాన్ని ఎలా అడగాలి, సంఘం ఏం చేయాలి

బుధవారం ప్రార్థన కూడికలో "నా ఉద్యోగం కోసం ప్రార్థించండి" అని మాత్రమే కాకుండా, ఏ పని వచ్చో, ఏ ఊళ్లో కావాలో కూడా చెప్పండి. పాస్టరు గారితో విడిగా కూర్చుని ఇంటి పరిస్థితి చెప్పండి. సంఘంలో చిన్న ఫ్యాక్టరీ ఉన్నవారు, స్కూలు నడిపేవారు, ఆసుపత్రిలో పనిచేసేవారు ఉంటారు. మీరు నోరు విప్పకపోతే వాళ్లకు తెలియదు.

పాస్టర్లకు, పెద్దలకు కూడా ఒక మాట. సరుకుల సంచి ఇవ్వడం మంచిదే, కానీ పని చూపించడం అంతకన్నా మంచిది. ఇది మన తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఉంది. 1876-78 ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలికి చచ్చిపోతుంటే, బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకు సర్వే పని తెలుసు. వేలమంది అక్కడ మట్టి తవ్వి, మోసి, కూలి తీసుకుని బతికారు. బియ్యం కోసం బాప్తిస్మం తీసుకున్నారనే మాట రాకూడదని, సహాయం నడుస్తున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సాధారణంగా మనం ఆ సంఖ్య చెప్పుకుని ఆగిపోతాం. నాకైతే దానికి ముందు జరిగిన మట్టిపని, కూలి లెక్కలే ఎక్కువ ఆశ్చర్యం. మెదక్ చర్చి కట్టడం కూడా కరువు రోజుల్లో కూలీలకు తిండి దొరికేలా పాస్నెట్ దొర మొదలుపెట్టిన పనేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఈరోజు సంఘం కాలువ తవ్వించక్కర్లేదు. ఒక పెద్దమనిషికి బాధ్యత అప్పగించి, ఎవరికి పని కావాలి, ఎవరి దగ్గర ఖాళీ ఉంది అని ఒక జాబితా రాయిస్తే చాలు. మందిరానికి రంగులు వేయాలన్నా, మైకు సెట్టు బాగుచేయాలన్నా, పిల్లల సెలవుల బైబిల్ బడి వీబీఎస్‌కు భోజనాలు వండించాలన్నా ముందు సంఘంలో పనిలేనివారిని అడిగి, కూలి డబ్బు సరిగ్గా ఇవ్వండి. "ప్రభువు పని కదా" అని ఉచితంగా చేయించుకోవద్దు.

ఇంకొకటి: ఉద్యోగం పోయినవాడి దగ్గరికి వెళ్లి "ఏదో లోపం ఉండి ఉంటుంది, పరిశీలించుకోండి" అనకండి. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు వీడి కన్నవాళ్లూ కాదన్నాడు ప్రభువు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే.

మనసు కుదురుగా లేనప్పుడు

రెండో నెలలో రిజెక్షన్ మెయిళ్లు వరసగా వస్తాయి, కొన్నిసార్లు అవి కూడా రావు. అప్పుడు ప్రార్థనలో మాటలు దొరకవు. కీర్తనలు తెరవండి, 13వది, 42వది, 88వది. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు అడిగాడు, మీరూ అడగొచ్చు. స్తుతి రాని రోజున స్తుతి నటించక్కర్లేదు.

డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దాన కార్డును పట్టుకుని "ఈ ఏడాది ఆశీర్వాదమన్నారు, ఇదేంటి" అని బాధపడేవాళ్లు చాలామంది. ఎక్కువమందికి వచ్చే యిర్మీయా 29:11 ఉంది కదా, అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. అదే ఉత్తరంలో కాస్త పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని ఉంది. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లన్నాడు. ఆ వచనాన్ని ఉత్తరం మొత్తంతో చదివితే ఆశ పోదు, తొందర తగ్గుతుంది.

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, తాగుడు మొదలుకావడం, బతకడం దండగ అనిపించడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రయినా పగలైనా, తెలుగులో మాట్లాడొచ్చు. షుగర్‌కు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు ఇదీ కాదు. పక్కనున్న భార్యో భర్తో ఈ గుర్తులు చూస్తే, "నీకు విశ్వాసం తక్కువ" అనకుండా తోడుగా వెళ్లండి.

బయటి దేశాల్లో ఉన్నవారు

అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 60 రోజుల దాకా, లేదా ఐ-94 (ఆ దేశంలో ఉండే అనుమతి రికార్డు) గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకే సమయం. ఈలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కు దరఖాస్తు చేయాలి, లేదా బయల్దేరాలి. ఇలాంటప్పుడు మూడు రోజులు ఆగమన్న నా మాట మీకు వర్తించదు. మొదటి వారంలోనే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ తెలుగు సంఘంలో ఇదే దారిలో వెళ్లినవాళ్లు కచ్చితంగా ఒకరిద్దరు ఉంటారు.

గల్ఫ్‌లో ఉన్నవారు సెటిల్‌మెంట్ కాగితం మీద అంకెలు అర్థం కాకుండా సంతకం పెట్టకండి. అరబిక్‌లో ఉంటే చదివించుకోండి. జీతం ఎగ్గొడితే ఎంబసీకి, కేంద్ర ప్రభుత్వ మదద్ పోర్టల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

మూడో నెల దాటితే

నోటుబుక్కు మళ్లీ తెరవండి. ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో చూసి, అప్పుడు నిర్ణయించండి: తక్కువ జీతానికి ఒప్పుకోవడమా, ఊరు మారడమా, లైనే మారడమా. పాత జీతంలో నాలుగోవంతు తగ్గినా చేరిపోవడం మంచిదని నేను అంటాను, ఎందుకంటే ఉద్యోగంలో ఉంటూ ఇంకో ఉద్యోగం వెతకడం తేలిక. ఇద్దరూ ఒప్పుకున్నాకే నిర్ణయం. "దేవుడు నాకు చెప్పాడు" అనే మాటతో భార్య నోరు మూయించకండి.

ఆఫర్ వచ్చాక లెటర్ చేతికి అంది, చేరే తేదీ ఖాయమయ్యేదాకా సాక్ష్యం చెప్పకండి. ఆఫర్లు వెనక్కి పోయిన సందర్భాలు ఉన్నాయి. చేరిన రోజున పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తీసుకోకండి. ఆ మధ్యలో తీసుకున్న సొంత ఆరోగ్య పాలసీని కంపెనీ బీమా వచ్చింది కదా అని ఆపేయకండి. మొదటి జీతం పడ్డాక బాకీలు ఎవరికెంతో రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఏ నెలలో ఎంత ఇస్తారో చెప్పండి. రెజ్యూమె ముందుకు పంపినవాళ్లకు, వాళ్ల ద్వారా ఉద్యోగం రాకపోయినా సరే, చేరానని ఒక మెసేజ్ పెట్టండి.